గేటు వేసిన చేయి

ఆయమ్మ తలుపు తీసి ముందు నా వంక చూడలేదు. నా వెనక నిలబడ్డ నా కూతురు పిట్ట వంక చూసింది. చూసి, తలుపు రెక్క పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"నువ్వేనా తల్లీ," అంది. "గేటు పట్టుకుని నిలబడ్డ పాపవి."

ఈ ఒక్క మాట ఎవరి నోటా వినకూడదనే నేను ఊరి ఆ చివరి నుంచి ఈ చివరికి ఇల్లు మార్చాను. కూతురి బడి మార్చాను. ఇరవై ఏళ్ళ పైన కాపాడుకొచ్చిన గుట్టు, గుమ్మంలోనే పలకరింపుగా బయటపడింది. ఎవరైనా విన్నారేమోనని వెనక్కి తిరిగి చూశాను. వీధిలో ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. ఆ రోజు నేను కుక్కను కూడా నమ్మే స్థితిలో లేను.

ఆ ఫోటో ఎరగనివాళ్ళు తక్కువ. మెట్ల పైన ఇనుప గేటు, దాని చువ్వలు పట్టుకుని నిలబడ్డ రెండేళ్ళ పాప, వెనకాల మసకగా వంటింటి గుమ్మం. పోలీసులతో వచ్చిన ఫోటోగ్రాఫరు మెట్లెక్కుతూ తీసిన మొదటి ఫోటో అది. ఆ గుమ్మానికి అవతలే టీచరమ్మ పడి ఉంది. మా లాంటి పనికెళ్ళే తల్లులు పొద్దున పిల్లల్ని వదిలి సాయంత్రం తెచ్చుకునే ఇల్లది. మధ్యాహ్నం పిల్లలు పడుకున్న వేళ ఎవరో వచ్చి ఇస్త్రీ పెట్టెతో ఆమె తల మీద కొట్టి వెళ్ళిపోయారు. పక్క గదిలో పడుకున్న పిల్లల్లో ఒక్కరూ లేవలేదు, ఒక్కరూ ఏడవలేదు. పేపర్లవాళ్ళు 'నిద్రపోయిన సాక్షులు' అని పేరు పెట్టారు. మెలకువగా ఉన్నది ఒక్క మా పిట్టే. అప్పటికి దానికి 'అమ్మ', 'నీళ్ళు', 'కాకి' తప్ప మాటలు రావు.

ఆ పొద్దున వంటింటి కుళాయి బాగుచేయడానికి వచ్చిన ప్లంబరును పట్టుకున్నారు. రుజువులు చాలవని కోర్టు వదిలేసింది. జనం వదల్లేదు. అతను ఎక్కడికో పోయి పేరు మార్చుకుని చిన్న పైపుల కొట్టు పెట్టుకున్నాడు. పెళ్ళాం పిల్లలకు ఈ సంగతే తెలియదు. ఇన్నాళ్ళకు పాత నేరాల మీద వీడియోలు చేసే ఒక చానెల్ అబ్బాయి అతని ఆచూకీ పట్టాడు. రేపు ఆదివారం అతని ముఖం, కొట్టు, వీధి అన్నీ చూపిస్తానని ప్రకటించాడు.

అది చూసిన దగ్గర్నుంచీ పిట్ట సరిగా తినలేదు. ఈ కేసు గురించి పరిశోధన సరదాగానే మొదలుపెట్టింది. ఎక్స్‌రే ల్యాబులో ఉద్యోగం, సెలవు రోజుల్లో పాత పేపర్లు. నేను వెంట తిరిగేదాన్ని, అది ఎక్కడ ఏ హంతకుడి ఎదురుగా కూర్చుని టీ తాగుతుందోనని.

"నా బొమ్మ చూపించే కదమ్మా ఆయన్ని ఉరి తీయమన్నారు," అంది మొన్న. "ఆదివారంలోపు ఆయన కాదని తేల్చాలి."

"పోలీసులకే తేలనిది మనకేం తేలుతుందే. నేను బిస్కెట్లు ప్యాక్ చేసేదాన్ని, నువ్వు ఎముకలకు ఫోటోలు తీసేదానివి."

"అయితే వాళ్ళు చూడనిదేదో మనం చూడాలి," అంది. దాని తండ్రి మొండితనం అంతా దిగిందిలే అనుకున్నాను. ఆయన బతికున్న రోజుల్లో మొండిదానివని నన్ననేవాడు.

అందుకే ఈ శనివారం పొద్దున్నే ఆయమ్మ ఇంట్లో ఉన్నాం. అప్పట్లో టీచరమ్మ దగ్గర పనిచేసింది ఆవిడే, శవాన్ని మొదట చూసిందీ ఆవిడే. ఒక్క గది. మంచం, మందుల డబ్బా, కిటికీలో మొక్క. పిట్ట మంచం పక్కన నేల మీదే కూర్చుంది.

"మీరు ఎప్పుడు బయటికెళ్ళారు ఆయమ్మా?"

"పిల్లలు పడుకున్నాక. రోజూ అంతే. ఇంటికెళ్ళి మా ఆయనకింత పెట్టి, నేనింత తిని మూడింటికల్లా వచ్చేదాన్ని. పోలీసులకి వందసార్లు చెప్పా. నువ్వు నూట ఒకటి."

"ప్లంబరు?"

"నాకంటే ముందే పోయాడు. సంచి మర్చిపోయాడట, దానికోసం మళ్ళీ వచ్చాడని వాళ్ళ మాట. రాలేదని వాడి మాట."

"మీరు తిరిగొచ్చేసరికి?"

"మెట్లెక్కా. గేటవతల నువ్వు. నీ వెనక గుమ్మంలోంచి ఆమె కాళ్ళు కనిపిస్తున్నాయి. గేటు తీద్దామంటే చేతులు ఆడలా. గొళ్ళెం ఊడి రాలా. అలాగే కిందికి పరుగెత్తి ఇంటాయన్ని కేకేశా. పోలీసులొచ్చేదాకా ఇంకెవరూ ఆ గేటు ముట్టలా."

"ఆ ప్లంబరు ఎలాంటివాడు?"

"మంచోడే, కాని మతిలేని మనిషి. ఎక్కడి సామాను అక్కడే వదిలేస్తాడు. లోపలికొస్తే గేటు వేయడు, బయటికెళ్తే గేటు వేయడు. 'మెట్లున్నాయయ్యా, పిల్లలు దొర్లిపోతారు' అని టీచరమ్మ ఎగిరిపడేది. 'అలాగేనమ్మా' అనేవాడు, చక్కా పోయేవాడు. వెనకాలే నేను పోయి వేసేదాన్ని."

పిట్ట కాసేపు ఆవిడ చేయి నిమురుతూ కూర్చుంది. తర్వాత ఎవరికీ జవాబు దొరకని ప్రశ్న అడిగింది.

"పిల్లలు ఎందుకు లేవలేదు?"

ఆయమ్మ నా వంక చూసింది. మొక్క వంక చూసింది.

"పోయిన మనిషి గురించి ఎందుకమ్మా ఇప్పుడు."

"ఉన్న మనిషి కోసం. రేపు ప్లంబరు పిల్లలు ఫోన్లో వాళ్ళ నాన్నని హంతకుడిగా చూస్తారు."

ఆయమ్మ మందుల డబ్బా పక్కకు జరిపింది. "జలుబు మందు. మధ్యాహ్నం పాలల్లో కలిపేది. జలుబున్నా లేకపోయినా. చెడ్డది కాదమ్మా ఆమె, ఒంటిమనిషి. అంతమంది ఒకేసారి ఏడుపు అందుకుంటే ఏం చేస్తుంది. తాగించాక సాయంత్రం దాకా బొమ్మల్లా పడుండేవాళ్ళు. నాకు భయం వేసేది. ఏమన్నా అంటే ఉన్న పని పోతుందని నోరు మూసుకున్నా."

నేను పిట్టను దగ్గరికి లాక్కున్నాను. "మా పిట్టకి కూడానా?"

"నీ కూతురు పాలు ముట్టేదా ఎన్నడైనా. ఆ రోజు కూడా నా ఒళ్ళోనే ఊసింది."

పాలు తాగవే, ఎముకలు గట్టిపడవే అని ఎన్నేళ్ళు దాని వెంటపడి తిట్టానో. పిట్ట నా వంక చూసి చిన్నగా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

*

టీచరమ్మ ఇల్లు మేడ మీద. ఆ తర్వాత అద్దెకు ఎవరూ రాలేదు. కింద ఉండే ఇంటాయన విరిగిన కుర్చీలు పెట్టుకుంటున్నాడు. తాళం అడిగితే, "తీసే ఉందమ్మా, పైన ఇంకొకాయన ఉన్నాడు," అన్నాడు.

వెనక్కి పోదామన్నాను. అది మెట్లెక్కేసింది. ఇంక నేనేం చేయను, గోడ పట్టుకుని ఎక్కాను. మెట్లు నిటారుగా, ఇరుగ్గా ఉన్నాయి. పైనుంచి జారితే ఎక్కడా ఆగేది లేదు. గేటు అలాగే ఉంది. నా నడుం ఎత్తు. గొళ్ళెం మెట్ల వైపున, పై కమ్మీకి కాస్త కింద. పిల్లల చేతికి అందకుండా అలా పెట్టించింది టీచరమ్మ. లోపలి నుంచి పెద్దవాళ్ళు వంగి వేయవచ్చు, బయటి నుంచీ వేయవచ్చు. గేటు కొంచెం పైకి లేపి పట్టుకుంటే తప్ప గొళ్ళెం కదలదు.

లోపల చానెల్ అబ్బాయి ఫోను స్టాండుకు బిగించి, జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి సర్దుకుంటున్నాడు.

"మేడమ్, ఇక్కడ షూటింగ్ జరుగుతోంది. ఒక గంట ఆగండి."

"మేము కూడా ఆ కేసు కోసమే వచ్చాం," అంది పిట్ట.

"ఓ, మీరేనా. పాత పేపర్ల కొట్లో నాకంటే ముందు కట్టలన్నీ తిరగేసి పోయేది మీరేనా. బావుంది. నన్ను లక్షల మంది చూస్తారు. మిమ్మల్ని ఎవరు చూస్తారు?"

"మా అమ్మ చూస్తుంది."

"చూస్తున్నారు, చూస్తున్నారు," అన్నాడు నా ముఖం చూసి. "ఆంటీ, నేనేం చేయను. ఊపిరి తీసుకోండి."

వాడి పని వాడు చేసుకుంటుంటే పిట్ట గదులు చూసింది. పిల్లలు పడుకునే గదిలో గోడకు మోకాలెత్తు దాకా ఏనుగులు, బాతులు వేసి ఉన్నాయి. పైన ఎన్నిసార్లు సున్నం కొట్టినా వాటి జోలికి ఎవరూ పోలేదు. కిటికీ కింద మా పిట్ట పరుపు వేసే చోటు. నేను అక్కడికి వెళ్ళలేదు. వంటింట్లో కుళాయి కింద అప్పట్లో అతికిన సిమెంటు ముక్క, ప్లంబరు పని అదే. ఇస్త్రీ చేసే చెక్క బల్ల గోడకు ఆనించి ఉంది. వంటింటి గుమ్మంలో నిలబడితే గేటు నేరుగా కనిపిస్తుంది. నడుమ నాలుగు అంగల దూరం, అంతే.

"ఇప్పుడు చూడండి, హంతకుడు ఎలా పారిపోయాడో," అన్నాడు చానెల్ అబ్బాయి ఫోనుతో. ప్లంబరులా భుజానికి సంచి తగిలించుకుని, వంటింట్లోంచి వచ్చి, అటూ ఇటూ బెదురు చూపులు చూసి, గేటు తోసుకుని ధడధడా మెట్లు దిగాడు. గేటు వెళ్ళి గోడకు కొట్టుకుని, మళ్ళీ వచ్చి, మెట్ల మీదికి తెరుచుకుని ఊగుతూ నిలబడింది.

"ఎలా వచ్చింది?" అని కింద నుంచి అరిచాడు.

నాకు వాడి నటన పట్టలేదు. మెట్ల మీదికి నోరు తెరుచుకున్న ఆ గేటే కనిపిస్తోంది. వెళ్ళి మూశాను. వంగి, లేపి పట్టుకుని, గొళ్ళెం వేశాను. అప్పుడు ప్రాణం కుదుటపడింది.

తిరిగి చూస్తే పిట్ట నన్నే చూస్తోంది.

"అమ్మా, ఇప్పుడేం చేశావు?"

"ఏం చేశాను?"

"గేటు ఎందుకు వేశావు?"

"మెట్లున్నాయి కదే."

"ఇక్కడ పిల్లలెవరూ లేరు."

"లేకపోతే మాత్రం. తెరిచుంటే ఎలా ఊరుకుంటాం. చేయి దానంతటది పోయింది."

పిట్ట సంచిలోంచి ఆ ఫోటో తీసింది. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది, ల్యాబులో ఎముకల ఫిల్ము చూసినట్టు. ఆ ఫోటో నేను ఎన్ని వందల సార్లు చూశానో లెక్క లేదు. చూసిన ప్రతిసారీ నా బిడ్డ ముఖమే చూశాను. ఊళ్ళో అందరూ అంతే. పిట్ట మాత్రం ఇవాళ తన ముఖం చూడలేదు.

"గొళ్ళెం వేసి ఉంది," అంది.

చానెల్ అబ్బాయి పైకి వచ్చాడు. గేటు తీయబోతే రాలేదు. లాగాడు, గుంజాడు. చివరికి నేనే తీశాను.

"వేసి ఉంటే ఏమిటి?" అన్నాడు సంగతి విని. "ఎప్పుడూ వేసి ఉండే గేటు వేసి ఉంది. దాన్లో విశేషం ఏముంది?"

"అలా అనుకునే పోలీసులు కూడా వదిలేశారు. టీచరమ్మ కింద పడి ఉంది. పిల్లలకు అందదు. ఆయమ్మ వచ్చేసరికే వేసి ఉంది, ఆవిడ తీయలేకపోయింది. మరి వేసిందెవరు?"

"వెళ్ళినవాడే వేసుంటాడు. ప్లంబరు."

"ఏ రోజూ వేయనివాడు, వేయమని తిట్టినా వేయనివాడు, మనిషిని కొట్టి పారిపోతూ ఆగి, గేటు లేపి పట్టుకుని, గొళ్ళెం వేసి వెళ్ళాడా? మీరిప్పుడు పారిపోయారు కదా. వేశారా?"

వాడు గేటు వంక చూశాడు, ఫోను వంక చూశాడు. గాలి తీసేసినట్టయింది ముఖం. కాని ఊరికే ఒప్పుకునే రకం కాదు.

"సరే. మరి ఎవరంటారు?"

"ఎవరో తల్లి," అంది పిట్ట. "పిల్లల్ని పెంచే చేయి. కొట్టిన కోపంలో కూడా, లోపల పిల్లలున్నారని ఆ చేయి మర్చిపోలేదు."

"కవిత్వం బావుంది మేడమ్. జనానికి చేయి చూపిస్తే చాలదు, ముఖం కావాలి. రేపటి ఎపిసోడ్ ప్రకటించేశాను. ఆపితే నన్ను నమిలేస్తారు."

"ఆయన కాదని తెలిశాక కూడా వేస్తారా?"

"తెలియలేదు. మీరంటున్నారు. ఇంకో పేరు ఇవ్వండి, ప్లంబరుని తీసేస్తా. నంబరివ్వండి, సాయంత్రం ఏడింటికి ఫోన్ చేస్తాను. అయినా మీకెందుకు ఇంత పట్టింపు? మీకేమవుతాడు ఆయన?"

వద్దని నేను చేయి పట్టుకునేలోపే అనేసింది. "ఈ ఫోటోలో పాప నేనే."

ఇంక అయిపోయింది, రేపు మా వీధి నిండా కెమెరాలే, ఆ హంతకులెవరో దీన్ని వెతుక్కుంటూ వస్తారు అనుకున్నాను. గోడకు ఆనుకుని అలాగే కూలబడ్డాను. కాని ఆ అబ్బాయి ముందుగా చేసిన పని ఫోను స్టాండులోంచి ఊడదీసి ఆపేయడం. తర్వాత తన సీసాలోంచి నీళ్ళు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"రికార్డు కాలేదు ఆంటీ. తాగండి," అన్నాడు. మా అబ్బాయి వయసే ఉంటుంది, నాకు అబ్బాయి ఉండి ఉంటే. వెళ్తూ గేటు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. దాన్ని చూశాడు. మళ్ళీ వేయకుండానే దిగిపోయాడు.

*

బస్సులో పిట్ట వేళ్ళు మడుస్తూ కూర్చుంది.

"గేటు అలవాటున్నది తల్లులకి, ఆయమ్మకి. ఆయమ్మ ఆ వేళ ఇంట్లోనే ఉందని చుట్టుపక్కల అందరూ చెప్పారు. ఆ రోజు అక్కడ పడుకున్న పిల్లల తల్లులంతా పనుల్లో ఉన్నారు. పోలీసులు ఒక్కొక్కరినీ వాకబు చేశారు, నిన్ను కూడా. ఇంకెవరుంటారమ్మా?"

నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. ఆ రోజు అక్కడ పడుకున్న పిల్లల తల్లులు. మరి ఆ రోజు రాని పిల్లాడి తల్లి?

లేని పిల్లాడి సంగతి ఎవరు అడుగుతారు. ఎవరూ అడగలేదు.

నాకొక అక్క ఉంది. తోడబుట్టింది కాదు. బిస్కెట్ల ఫ్యాక్టరీలో నా పక్కన నిలబడి ప్యాకింగ్ చేసేది. ఆమెకు ఏడాదిన్నర బాబు, మా పిట్టతో పాటే టీచరమ్మ దగ్గర ఉండేవాడు. ఆ వారం వాడు ఆసుపత్రిలో ఉన్నాడు. నిద్ర లేవడం లేదు, లేచినా మెడ నిలపడం లేదు. ఆ వానల్లోనే పోయాడు. తర్వాత అక్క పని మానేసింది. "నీ పిల్లని నా దగ్గర వదులు. ఇంక బయట ఎవరి దగ్గరా వదలకు," అంది. మా పక్క వాటాలోకి వచ్చేసింది. నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి పిట్ట స్నానం చేసి, తల దువ్వించుకుని, పెద్దమ్మ ఒళ్ళో కూర్చుని ఉండేది. దానికి జ్వరమొస్తే నేను ఏడుస్తూ కూర్చుంటే, మేలుకుని తడిగుడ్డ వేసింది అక్కే.

లారీలకు భయపడ్డాను, గ్యాసుకు భయపడ్డాను, కుక్కకు, ఉరుముకు, తెలియని ఫోన్ నంబరుకు భయపడ్డాను. ఏదైనా జరగడానికి ముందే దాన్ని తలుచుకుని ఏడ్చే మనిషిని. ఈ ఒక్కటి ఎన్నడూ తట్టలేదు.

"అమ్మా, ఏమైంది? చేతులు చల్లగా ఉన్నాయి," అంది పిట్ట.

"ఏం లేదే. గాలి," అన్నాను.

*

ఇంట్లో అక్క ఆరిన బట్టలు మడత పెడుతోంది. మా ఇంటి తాళం చెవి ఒకటి ఎప్పుడూ ఆమె దగ్గరే ఉంటుంది.

"ఏమిటే ఆ ముఖాలు. బస్సు బోల్తా కొట్టిందా?" అంది.

పిట్ట చెప్పులు కూడా విప్పకుండా ఆమె పక్కన కూర్చుని మొదలుపెట్టింది. ఏ సంగతైనా ముందు పెద్దమ్మకి చెప్పడం దానికి అలవాటు. ప్లంబరు గేటు వేయకపోవడం, ఫోటోలో గొళ్ళెం, చానెల్ అబ్బాయి గడువు. అక్క ఊఁ కొడుతూ దుప్పటి మడుస్తోంది. పాలల్లో జలుబు మందు అన్నప్పుడు చేతులు ఆగాయి. మళ్ళీ మడత పెట్టింది. వేసిన మడతే విప్పి మళ్ళీ వేసింది.

"వెళ్ళి ముఖం కడుక్కోరా తల్లీ. దుమ్ము," అంది.

అది పెరట్లోకి వెళ్ళింది. మేమిద్దరం మిగిలాం.

"నీకు తెలిసిపోయింది కదూ," అంది అక్క, తల ఎత్తకుండా.

"ఏమిటక్కా."

"వాన పడుతుందేమోనంటేనే ఏడ్చే ముఖం నీది. ఇవాళ ఏడవలేదు."

అక్క దుప్పటి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ బోర్లా పెట్టుకుంది.

"పిల్లాడికి ఏ మందు పోస్తున్నారమ్మా అని డాక్టరు అడుగుతూనే ఉన్నాడు. ఏ మందూ పోయట్లేదంటే నమ్మలేదు. నన్ను దొంగని చూసినట్టు చూశాడు. అప్పుడు తట్టింది, వాడు నా దగ్గర ఉండేది కాసేపే కదా అని. అడుగుదామని వెళ్ళాను. అడుగుదామనే వెళ్ళానే. ఇస్త్రీ చేసుకుంటోంది. 'జలుబు మందే కదా, అందరికీ పోస్తాను' అంది. నవ్వుతూ అంది. వాడు మెడ నిలపడం లేదన్నాను. 'కొందరు పిల్లలంతే' అని మళ్ళీ ఇస్త్రీ పెట్టె ఎత్తబోయింది. అది నా చేతిలోకి ఎలా వచ్చిందో నాకు తెలియదు."

"అక్కా, ఇంక చెప్పకు."

"చెప్పనీయవే. బయటికొచ్చేసరికి పిట్ట లేచి వచ్చి నిలబడింది. నన్ను చూసి చేతులు చాచింది, ఎత్తుకోమని. ఎత్తుకోలేదు. నా చేతులకేముందో, దానికి అంటుతుందని. నా వెనకాలే వస్తుందని తెలుసు, ఎప్పుడూ వచ్చేది కదా. అందుకని గొళ్ళెం వేశాను. చువ్వలు పట్టుకుని నేను దిగుతుంటే చూస్తూ నిలబడింది. ఏడవను కూడా లేదు. మళ్ళీ వస్తాననుకుంది."

ఊరంతా దడుచుకున్న పాప అనుకుంది. పోలీసులు హంతకుణ్ణి చూసిన పాప అనుకున్నారు. ఎత్తుకునే మనిషి కోసం ఎదురుచూస్తున్న పాప అని నాకు, కన్నతల్లికి కూడా తెలియలేదు.

"ప్లంబరుని పట్టుకున్న రోజే వెళ్ళి చెబుదామనుకున్నాను," అంది అక్క. "బాబు ఇంకా ఊపిరి తీస్తున్నాడు. వాడి పక్కన ఎవరుంటారు. వాడు పోయాక వెళ్దామనుకుంటే ఆయన్ని వదిలేశారు. వదిలేశారు కదా, బతుకుతున్నాడులే అనుకున్నాను. ఈలోగా మన పిట్ట నన్ను పట్టుకుంది. రోజూ పొద్దున లేచి, ఈ ఒక్కరోజు దీన్ని పెంచుకుని రేపు వెళ్తాను అనుకున్నాను. పెళ్ళాం పిల్లలతో ఎక్కడో కొట్టు పెట్టుకుని, పేరు కూడా మార్చుకుని ఉన్నాడని దీని నోటే విన్నాను. అది బతుకటే?"

పెరటి గుమ్మంలో పిట్ట నిలబడి ఉంది. ముఖం మీది నీళ్ళు తుడుచుకోలేదు. ఎప్పటినుంచి నిలబడిందో.

బల్ల మీద దాని ఫోన్ మోగింది. ముగ్గురం దాన్నే చూశాం. ఏడయింది.

"ఎత్తు తల్లీ," అంది అక్క మెల్లిగా. "పేరు కావాలన్నాడుగా. ఇవ్వు."

పిట్ట ఫోను వైపు వెళ్ళలేదు. పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి, ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, ఒళ్ళోని దుప్పటి పక్కకు తీసింది. ఆమె చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని తిప్పి చూసింది. ఏం చెప్పాలో తెలియక చూసిందో, ఇన్నేళ్ళు తన తల దువ్విన చేతులివేనా అని చూసిందో. తర్వాత ఆ చేతుల్లో ముఖం పెట్టుకుంది. అక్క వెనక్కి లాక్కోబోయింది. అది వదల్లేదు.

"నేను చెప్పను," అంది ఆ చేతుల్లోంచే. "నేను చెప్పలేను పెద్దమ్మా."

"మరి ఆ ప్లంబరు పిల్లల సంగతేమిటి తల్లీ?" అంది అక్క.

పిట్ట భుజాలు కదిలిపోతున్నాయి. ఫోను మోగి మోగి ఆగింది. మళ్ళీ మొదలైంది.

మా ఇంట్లో తెలియని నంబరు మోగితే ఎన్నడూ ఎత్తనిదాన్ని నేను. లేచి వెళ్ళి ఎత్తాను.

"ఆంటీ, మీరా? పేరు దొరికిందా?" అన్నాడు చానెల్ అబ్బాయి.

"ముందు రేపటి ఎపిసోడ్‌లోంచి ఆ ప్లంబరు ఫోటో తీసెయ్ బాబూ. కొట్టు బోర్డుతో సహా. తీసేశాక, ఆయన కాదని నీ నోటితో నలుగురికీ చెప్పు. నేను ఇక్కడే ఉంటాను, వింటాను."

"అంటే దొరికిందన్నమాట. ఎవరు ఆంటీ?"

అక్క నా వంక చూసి, చెప్పమన్నట్టు కళ్ళు మూసుకుంది. పిట్ట ముఖం కింద చేతులు మాత్రం తీయలేదు.

"మా అక్క," అన్నాను.